అంచు చూపు

సలోమి తీసిన మొదటి సినిమా చూసి ఉమామహేశ్వరమ్మ, “క్యాలెండరు బాగుండాది పాపా. తేదీలు ఎయ్యడమే మరిసిపోయినావ్” అంది.

ఆళ్లగడ్డలో నబీ రసూల్ ఫోటో స్టూడియో వెనక గది అది. కిటికీకి దుప్పటి కట్టి, గోడ మీద బొమ్మ వేశారు. మూడు నిమిషాల పైచిలుకు నడిచింది. మాటా లేదు, పాటా లేదు. నల్లమల మీద పొద్దు పొడవడం, కుందూ నీళ్లలో కొంగలు, జొన్నచేను గట్టున నడిచిపోతున్న ఎర్రచీర మనిషి. ప్రతి దృశ్యాన్నీ ముందు కాగితం మీద గీసుకుని మరీ తీసింది సలోమి. నంద్యాలలో ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరామె. ఏది ఎక్కడుంటే కంటికి ఇంపుగా ఉంటుందో ఏళ్ల తరబడి పిల్లలకు చెబుతూ వచ్చింది. ఆ చదువంతా ఒక్క మాటతో గోడకు మేకు కొట్టి తగిలించే క్యాలెండరైపోయింది.

ఇది డెబ్బై తొమ్మిదిలో సంగతి. ఆ గదిలో చేరేవాళ్లు నలుగురే. కెమెరా నబీ రసూల్‌ది. పెళ్లిళ్లు తియ్యమని కువైట్ నుంచి అతని చిన్నాన్న తెచ్చిచ్చిన చిన్న సూపర్ ఎయిట్ కెమెరా, దానితోపాటు ప్రొజెక్టరూ. పెళ్లివాళ్లకు ఆల్బమే ముద్దుగాని ఈ మూగబొమ్మ ఎవరికీ పట్టలేదు. బీరువాలో పడి ఉన్న కెమెరాను బయటికి తీయించింది గురుస్వామి. నంద్యాల కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. ఒక వేసవిలో పూనా పోయి సినిమాల మీద పాఠాలు విని వచ్చాడు. అప్పటినుంచీ కథ లేని సినిమా, హీరో లేని సినిమా అంటూ కనపడిన ప్రతివాడికీ చెప్పేవాడు. వినడానికి నిలబడినవాళ్లు ఈ ముగ్గురే. ఉమామహేశ్వరమ్మ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో హెల్త్ విజిటరు, రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. ఊళ్లు తిరిగి తిరిగి, చూసింది చూసినట్టు మొహాన చెప్పడం ఆమెకు అలవాటైపోయింది.

నెలకో ఆదివారం నంద్యాలవాళ్లు ముగ్గురూ బస్సెక్కి ఆళ్లగడ్డ వచ్చేవాళ్లు. రీలు ఒకరి తర్వాత ఒకరికి. తీసింది పోస్టులో బొంబాయి పోయి, కడిగి తిరిగి రావడానికి నెల దాటేది. వచ్చాక అందరూ కలిసి చూడాలి. గురుస్వామి పూనా నుంచి తెచ్చిన నియమం ఒకటుంది. తీసినవాళ్లు నోరు మెదపకూడదు. మిగిలినవాళ్లు ముందు తమకేం కనపడిందో చెప్పాలి, ఏమనిపించిందో ఆ తర్వాత.

నియమం పెట్టినవాడికే ముందు తగిలింది. గురుస్వామి ఒక గోడ గడియారాన్నీ కసాయి కొట్టు ముందు కట్టేసిన మేకనూ మార్చి మార్చి చూపించాడు. “మేక కనపడింది, గడియారం కనపడింది” అన్నాడు నబీ రసూల్. అంతకుమించి ఎవరికీ ఏమీ కనపడలేదు. నబీ రసూల్ మాత్రం అందరినీ ఆశ్చర్యపరిచాడు. ఒక పెళ్లయిన మర్నాడు షామియానా విప్పడం తీశాడు. పెళ్లికూతురు లేదు, పెళ్లికొడుకు లేడు. కూలుతున్న గుడ్డ, దానికింద తిరుగుతున్న కుక్క, ఎవరో మరిచిపోయిన చెప్పులు. అది చూశాక సలోమికి తన కొంగలు నిజంగానే క్యాలెండరు కొంగలని అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గలేదు. తర్వాతి ఆదివారం తలనొప్పి అని చెప్పి ఆళ్లగడ్డ పోలేదు.

ఆమె వెళ్లకపోవడం వల్ల సంతోషించింది తల్లి దేవమ్మ ఒక్కతే. దేవమ్మ మిషన్ హాస్టల్లో వంట చేసి, ఒక్క బిడ్డను చదివించుకున్న మనిషి. భర్త జయరాజు సలోమి చిన్నప్పుడే పోయాడు. గుడిలో ఆరాధన అయ్యీ కాకముందే కూతురు బస్టాండుకు పరుగెత్తడం ఆమెకు బొత్తిగా నచ్చేది కాదు.

“దేవుని దినాన సినిమాలేందీ మే నీకు?” అనేది.

అంతకుమించి తల్లీకూతుళ్ల మధ్య మాటలు తక్కువ. రెండేళ్ల కింద పాములపాడు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు టీచరు, గుడి పెద్దలకు కావలసినవాడు. సలోమి వద్దంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. చెప్పడానికి పెద్ద కారణమూ లేదు, అతనితో మాట్లాడుతుంటే ఆమెకు ఆవులింతలు వచ్చాయి, అంతే. ఆ తర్వాత కొన్నాళ్లకు దేవమ్మ, కూతురు ఏదైనా చెబుతుంటే మొహం పక్కకు తిప్పుకోవడం మొదలుపెట్టింది. గోడ వైపో, వీధి వైపో చూస్తూ జవాబిచ్చేది. సలోమి కూడా పట్టుదల మనిషే. అమ్మకు తన మొహం చూడబుద్ధి కాకపోతే తానెందుకు పోయి నిలబడాలి అనుకుంది. అవసరం ఉన్నంతవరకే మాట్లాడేది.

అలిగి పోకుండా ఉన్న ఆ ఆదివారం తర్వాత గురుస్వామి కాలేజీ నుంచి వస్తూ బడి దగ్గర ఆగాడు.

“నెక్స్ట్ రీలు మీ వంతు. ఈసారి కంటికి ఇంపైంది వద్దు టీచరమ్మా. చూడ్డానికి కష్టమైంది ఏదన్నా ఉంటే అది తియ్యండి” అని పోయాడు.

చూడ్డానికి కష్టమైనది అనగానే సలోమికి తల్లి కళ్లు గుర్తొచ్చాయి. దేవమ్మకు చూపు తగ్గుతోందని అందరికీ తెలుసు. శుక్లాలనీ, ముదిరాక కోయించవచ్చనీ వీధిలో అందరూ అన్నారు. సలోమీ అదే అనుకుంది. అమ్మకు ఇల్లు ఎలా కనపడుతుందో తీస్తే? ఫోటో చట్రం అద్దం ఒకటి తీసుకుని దాని మీద వ్యాజలీను పూసింది. ఆ అద్దంలోంచి పొయ్యి, మంచం, వాకిలి, బేతంచెర్ల నాపరాళ్లు పరిచిన నడవ తీసింది. అన్నీ మసకమసకగా, ముత్యాల్లా మెరుస్తూ వచ్చాయి.

ఆళ్లగడ్డలో బొమ్మ అయిపోగానే గురుస్వామి చేతులు రుద్దుకున్నాడు.

“అద్భుతం. కలలాగా ఉంది.”

“కండ్లు పోతాంటే కల మాదిరి ఉంటాదా సార్?” అంది ఉమామహేశ్వరమ్మ. “నేను చానామందిని చూసినా. ఎవురూ కల అన్లా.”

నబీ రసూల్ రీలు వెనక్కు చుడుతూ, “మీయమ్మకు ఇట్లనే కనపడతాదని మీకు ఎవురు చెప్పినారు టీచరమ్మా?” అన్నాడు.

సలోమి మాట్లాడకూడదు. ఎవరూ చెప్పలేదు. తాను అడగలేదు. తిరుగు బస్సులో ఉమామహేశ్వరమ్మ పక్కనే కూర్చుని వేరుశనక్కాయలు వొలుచుకుంటూ ఏదో చెబుతూనే ఉంది, సలోమి చెవికి ఒక్కటీ ఎక్కలేదు. ఒకే ఇంట్లో ఉంటూ రెండేళ్లలో ఆ ఒక్క మాట అడగాలని తోచనే లేదు.

మర్నాడు సాయంత్రం దేవమ్మ చాటలో బియ్యం పోసుకుని వేళ్లతో తడిమి రాళ్లు ఏరుతోంది. సలోమి వచ్చి ఎదురుగా కూర్చుంది.

“మా, నీకు ఎట్ల కనపడతాది?”

దేవమ్మ వేళ్లు ఆగాయి. మొహం పక్కకు తిప్పింది.

“ఇప్పుడడిగినావా?”

“ఇప్పుడే అడుగుతాండా. చెప్పు. పొగ మాదిరి ఉంటాదా?”

“పొగ గాదు మే. నడిమధ్యన ఎవురో బొటనేలు పెట్టి అద్దినట్ల ఉంటాది. చుట్టూ బాగనే ఉంటాది. చాట అంచు కనపడతాది, బియ్యం కనపడవు. మనిషి నిలబడుకోనుంటే చెవులు, ఎంటికలు, భుజాలు ఉంటాయి. మొగం ఉండదు.”

ఆ మాట సలోమి ఉమామహేశ్వరమ్మకు చెప్పింది. “అది శుక్లం కాదు. బేగా కర్నూలుకు పిల్చకపో” అందామె, సగం కసురుతూ. కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరు దీపం వేసి చాలాసేపు చూశాడు. కంటి వెనక తెరలో నడిమి భాగం దెబ్బ తిన్నదనీ, ఆపరేషన్‌తో బాగయ్యేది కాదనీ చెప్పాడు. అయితే అంచు చూపు ఉంటుంది, పూర్తిగా చీకటి కాదు. దేవమ్మ అది విని, “పోనీలే. గుడ్డిదాన్ని గాను” అంది. సలోమి మాత్రం, కోయిస్తే వస్తుందనే ధీమాతోనే ఇన్నాళ్లూ అడగకుండా గడిపింది.

మూడో రీలుకు అద్దం బిగించడానికి నబీ రసూల్ తానే నంద్యాల వచ్చాడు. నడిమధ్యన మసి, వ్యాజలీను కలిపి బొటనవేలంత మచ్చ పెట్టారు. అద్దాన్ని లెన్సుకు ఆనిస్తే మచ్చే కనపడదు, ఎక్కడిదక్కడ కరిగిపోయినట్టు మాయమవుతుంది. జానెడు దూరం జరిపితే కనపడుతుంది. ఎండలో గట్టిగా, నీడలో మెత్తగా. బడి నుంచి తెచ్చిన కర్ర స్కేలు ఒకటి కెమెరా కింద కట్టి, దాని కొసన అద్దం నిలబెట్టారు. ఆ పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది.

దేవమ్మ అతనికి టీ ఇచ్చింది. పోయేముందు, “ఒగ ఫోటో తీస్తా ఉండవ్వా” అని స్టూడియో కెమెరా తీశాడు నబీ రసూల్. “నాతట్టు చూడు. ఆఁ, అట్లనే. అయ్యో, మళ్లీ తిప్పితివే. నాతట్టు అవ్వా, నాతట్టు.” నాలుగైదు సార్లు చెప్పి చూశాడు. ఆమె సరేనంటూనే ప్రతిసారీ మొహం వాకిలి వైపు తిప్పింది. చివరికి నవ్వి, అలాగే తీసుకుని పోయాడు.

ఆ రీలులో సలోమి కెమెరాను కదలకుండా నిలబెట్టింది. మజ్జిగమ్మే అంకమ్మ గంప దించి నిలబడుతుంది. ఆమె చెవి పోగులు, సిగ, భుజం మీది చీర కొంగు ఉంటాయి. మొహం ఉండాల్సిన చోట నల్లటి గుంట. పొయ్యి ఉండాల్సిన చోట గుంట, దాని చుట్టూ మంట అంచులు. చేతుల చివర గుంట, అందులోంచి జారుతున్న బియ్యం.

ఆళ్లగడ్డ వెనక గదిలో ఆ బొమ్మ వేశారు.

“నాకు భయమేసింది” అంది ఉమామహేశ్వరమ్మ. “మనిషి ఉండాది, మొగం ల్యా.”

గురుస్వామి నిడివి గురించీ, దృశ్యాల వరస గురించీ చెప్పాడు. బాగానే చెప్పాడు. నబీ రసూల్ మాత్రం తల గోక్కుంటూ కూర్చున్నాడు.

“ఏందప్పా, నచ్చలేదా?” అన్నాడు గురుస్వామి.

“నచ్చింది సార్. ఒగటి మాత్రం తప్పు. దీంట్లో కెమెరా కదల్లా. దేవమ్మవ్వ కదులుతాది. నేను ఫోటో తియ్యబోతే నాతట్టు చూడమంటే వాకిలి తట్టు తిప్పె. ఎన్నితూర్లు చెప్పినా అంతే. నేను ఇంటికొచ్చి ఆ ఫోటో కడిగి చూస్తే, ఆమె కంటి కొస నా మీదనే ఉండాది. వాకిలిని చూడ్లా. నన్నే చూస్తాండాది. మచ్చను పక్కకు నెట్టేదానికి మొగం తిప్పుతాది ఆమె. టీచరమ్మ తీసిన దాంట్లో ఎవురూ ఏమీ చూడ్లా. ఊరికే గుంట పెట్టుకోని కూర్చున్నారు.”

సలోమి నియమం మరిచిపోయింది.

“లేదన్నా. అమ్మ నన్ను చూడదు. నేను మాట్లాడితే మొగం తిప్పుకుంటాది. ఆ సంబంధం వద్దంటినని...”

అని ఆగిపోయింది. నోట్లోంచి వస్తుండగానే ఆ మాట ఆమెకే వింతగా వినిపించింది.

“నిన్ను చూసేదానికే తిప్పేది పాపా” అంది ఉమామహేశ్వరమ్మ, ఎప్పుడూ లేనంత మెల్లగా.

గురుస్వామి లేచి కిటికీ దుప్పటి విప్పాడు. ఎండ గదిలోకి పడింది. నబీ రసూల్ తల్లి మస్తాన్‌బీ లోపలి నుంచి టీలు పంపింది.

సలోమి ఇల్లు చేరేసరికి దేవమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు విని తల ఎత్తింది, మొహం కొళాయి వైపు తిప్పింది. రోజూ చేసేదే. సలోమి లోపలికి పోకుండా నిలబడింది.

“మా. నేను కనపడతాండానా?”

“కనపడకేం. ఎడమ చెవికి కమ్మ ల్యా. యాడ పారేసినావ్?”

సలోమి చెవి తడుముకుంది. కమ్మ నిజంగానే లేదు. పోయి తల్లి పక్కన మంచం పట్టె మీద కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే అంచు చూపుకు అవి కనపడతాయా అని ఒక్క క్షణం ఆలోచించింది.

“నామీద కోపమనుకుంటి మా. పాములపాడు సంబంధానికి.”

“కోపమే. యాల ఉండదు? కొన్నాళ్లు చానా ఉండె. తర్వాత యాడ పోయిందో నాకే తెల్దు. నువ్వేమో మాట్లాడేది తగ్గిస్తివి. బడిలో పని ఎక్కువనుకుంటి.”

“చూపు ఇట్లయిందని చెప్పొచ్చు కదా.”

“నువ్వు నా మొగం చూస్తే కదా చెప్పేది.”

చీకటి పడేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. దేవమ్మ మధ్యలో ఒకసారి, “పొయ్యి మీద చారు ఉండాది, చూసుకో” అంది, సలోమి పోయి దించి వచ్చింది.

నాలుగో రీలు తల్లీకూతుళ్లు కలిసి తీశారు. కెమెరా సలోమి చేతిలో, సలోమి మోచెయ్యి దేవమ్మ చేతిలో. ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో దేవమ్మ మోచెయ్యి నొక్కి చెప్పేది. “ఇంగ పక్కకు. ఇంగా. ఆఁ, ఆడ నిలుపు. ఇప్పుడు మొగం వచ్చిందా?” మచ్చ అంకమ్మ మొహం మీద నుంచి మెల్లగా జరిగి గోడ మీదికి పోయేది. బొమ్మ అంచున, కొంచెం వొంగి, అంకమ్మ మొహం తేలేది. మొదటిసారి తీసింది పాడైంది. దేవమ్మ ఉత్సాహం కొద్దీ వీధిలోకి నడిచింది, సలోమి వెనకే నడిచింది, వచ్చిందంతా ఊగిసలాట. మళ్లీ తీశారు. చివర్లో సలోమి గోడకున్న మొహం చూసుకునే అద్దం ముందు నిలబడి తన మొహాన్నే తీసుకుంది, మచ్చ జరుగుతుంటే తాను అంచున కనపడేలా.

దాని మీద ఆళ్లగడ్డలో పెద్ద రభసే జరిగింది. ఉమామహేశ్వరమ్మకు బొమ్మ తిరిగీ తిరిగీ తలనొప్పి లేచింది. “అయినా ఇది మార్చొద్దు. ఆయమ్మకు దినమంతా ఇదే కదా” అంది. గురుస్వామి సగానికి కొయ్యమన్నాడు. నబీ రసూల్ చివరి దృశ్యం దగ్గర ఆగాడు.

“ఆ గోడద్దం ముక్క తీసెయ్ టీచరమ్మా. అది మీయమ్మ చూపు గాదు. నీ మొగం మాకు చూపియ్యాలని పెట్టుకున్నావ్.”

“అదే కదన్నా సినిమా అంతా! దానికోసమే తీసింది.”

“నువ్వు దేనికోసం తీసినావో మాకెందుకు? అంకమ్మ మొగం తేలి వస్తానే మాకు అంతా తెలిసె. మళ్లీ చెప్తాండావ్.”

సలోమి అతనితో వాదించింది, బస్సులో గురుస్వామితో వాదించింది, ఇంటికొచ్చి మనసులో కూడా వాదించింది. బడిలో పిల్లల బొమ్మలు దిద్దుతూ, “ఇది అక్కర్లేదు” అని ఒక అమ్మాయి గీసిన సూర్యుణ్ణి చూపించినప్పుడు ఆ అమ్మాయి మొహం ముడుచుకుంది. అప్పుడు నవ్వొచ్చింది సలోమికి. ఆ శనివారం ఆళ్లగడ్డ పోయి, స్టూడియోలో కూర్చుని, తన మొహం ఉన్న ముక్కను తానే కత్తిరించింది. నబీ రసూల్ కొసలు అతికించాడు. వేసి చూస్తే సినిమా అంకమ్మ మొహం దగ్గరే ఆగిపోయింది. అదే బాగుంది. ఆ సంగతి అతనికి చెప్పడానికి ఆమెకు ఇంకో నెల పట్టింది.

గురుస్వామి ఆ సినిమాను కర్నూలులో ఒక సినిమా సంఘానికి తీసుకుపోయాడు. సగంలో వెనకనుంచి ఎవరో “బొమ్మ సరిచెయ్యండ్రా” అని అరిచారు, కొందరు లేచి పోయారు. ఒకాయన మాత్రం ఆగి, తన తండ్రికి కూడా ఇదే జబ్బని, ఇంటికి పోయి ఎటు నిలబడితే కనపడతానో అడుగుతానని చెప్పాడట. గురుస్వామి అది చెబుతుంటే సలోమి తల ఊపింది. ఆమె అప్పటికే ఇంకో సినిమా ఆలోచనలో ఉంది.

ఎనభై ఒకటి వేసవిలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక దేవమ్మ గుడి మెట్ల దగ్గర నిలబడి, “నేనూ వస్తా. ఆ నలుగురూ ఏం చేస్తారో చూద్దాం” అంది. బస్సులో ఆమెకు సీటు దొరికేదాకా సలోమి కండక్టరుతో పోట్లాడింది. మస్తాన్‌బీ ఆమెను చెయ్యి పట్టి వెనక గదిలోకి తీసుకొచ్చి, గోడకు దగ్గరగా ముక్కాలి పీట వేసింది. ఆ రోజు ఉమామహేశ్వరమ్మ రీలు. ఆరోగ్య కేంద్రం వరండాలో నడిచిపోయే ఆడవాళ్ల కాళ్లు, అంతే, మొదటినుంచి చివరిదాకా.

గురుస్వామి తన వంతు చెప్పాడు. నబీ రసూల్, ఇంకొంచెం కిందినుంచి తీసుంటే బాగుండేదన్నాడు. సలోమి, రెండోసారి వచ్చే పట్టీల కాళ్లు కావాలని తెచ్చి నడిపించినట్టున్నాయంది. ఉమామహేశ్వరమ్మ మొహం కందగడ్డయింది. ఆ అనుమానం నిజమే.

“అవ్వా, నువ్వేమంటావ్?” అని అడిగాడు నబీ రసూల్.

దేవమ్మ పీట మీద పక్కకు తిరిగి కూర్చుని ఉంది.

“నాకు పెద్దగా ఏం పట్టలా నాయనా. కాళ్లు పోతాండాయి, పోతాండాయి. అయితే ఆ నడిమిన ఒగామె కుడికాలు ఈడ్చుకుంటా పోయె చూడు, ఆమె మా రాములమ్మ. హాస్టల్లో నాతోనే వంట చేస్తాండె. కొత్తపల్లెకు పోయినాదని చెప్పిరి. మళ్లీ ఎప్పుడొచ్చె?”

“పోయిన నెల” అంది ఉమామహేశ్వరమ్మ. “కాలికి పుండు. మందుకు వస్తాండాది.”

“మళ్లీ ఒగసారి వెయ్యప్పా” అంది దేవమ్మ. “ఆమె వచ్చేకాడ చెప్పండి, సరిగ్గా చూస్తా.”

నబీ రసూల్ రీలు వెనక్కు చుట్టాడు. సలోమి లేచి పోయి తల్లి పీటను గోడకు ఇంకొంచెం వారగా జరిపింది, మళ్లీ బొమ్మ మొదలైంది.